దూరమున చదువు, ఇంటియందు బాధ్యత

ఇంటర్మీడియట్ పరీక్షా ఫలితములు వెలువడిన వెంటనే మెట్‌పల్లి పరిసర గ్రామములలో ప్రతి సంవత్సరము ఒక ప్రశ్న చర్చకు వచ్చును. బిడ్డను దూరపు కళాశాలకు పంపవలెనా, దగ్గరనే చదివించవలెనా అనునదే ఆ ప్రశ్న. పంపుటకు నిశ్చయించిన ఇండ్లలో కొన్నింటికి ఒకటి రెండు సంవత్సరములు గడచిన పిదప మరింత కఠినమైన ప్రశ్న ఎదురగును. ఇంటిలో ఒకరు మంచము పట్టినారు, సంపాదన తగ్గినది, చేయి సాయమునకు మనిషి లేదు. బిడ్డను చదువు మాన్పించి పిలిపించవలెనా? మొదటి ప్రశ్నను గూర్చి నలుగురితో ఆలోచింతురు. రెండవ ప్రశ్నకు మాత్రము ఒక్క రాత్రిలో, ఒక్క ఫోను పిలుపుతో, సమాధానము నిర్ణయమైపోవుచున్నది. ఇట్టి సమయమున తొందరపడక ఏమేమి ఆలోచింపవలెనో, ఎవరిని ఏమి అడుగవలెనో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ ప్రాంతమునకు దూరపు చదువు కొత్త కాదు

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో వచ్చినది. కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము ఏర్పడుటకు 2008 వరకు వేచియుండవలసి వచ్చినది. అంతవరకు ఈ జిల్లా బిడ్డకు పెద్ద చదువనగా ఇల్లు విడిచి పోవుటయే. హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టరు సి. నారాయణరెడ్డి గారు చదువు కొరకు సిరిసిల్లకు, కరీంనగరమునకు, పిదప హైదరాబాదునకు పోయినారు. వందేమాతర ఉద్యమ కాలమున, 1938లో, ఉస్మానియా నుండి బహిష్కృతులైన విద్యార్థులలో పి.వి. నరసింహారావు గారు మొదలగువారు నాగపూరునకు పోయి చదువు కొనసాగించినారు. పల్లె పిల్లలకు పట్టణమున నీడ ఉండవలెనను తలంపుతోనే హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడినది.

నేడు దారి సులభమైనది. పెద్దపల్లి నుండి మెట్‌పల్లి మీదుగా నిజామాబాదు వరకు రైలు మార్గము 2017లో పూర్తియైనది. మెట్‌పల్లిలోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలదు. అయినను ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ వంటి చదువుల కొరకును, ఉద్యోగావకాశములు ఎక్కువ అను ఆశతోను, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్న హైదరాబాదునకు పోవు విద్యార్థులు అనేకులు. తమ ఇంటిలో మొట్టమొదట కళాశాల మెట్టు ఎక్కినవారు వారిలో ఎందరో కలరు.

వారి ఇండ్ల స్థితి మనకు తెలియనిది కాదు. తండ్రియో అన్నయో గల్ఫు దేశమున ఉండును. తల్లి చాట ముందు కూర్చుండి తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, బీడీలు చుట్టును. కొద్దిపాటి పొలమున వరియో పసుపో ఉండును. సమీపమున ఉన్న ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన పిదప చెరకు రైతులకు ఆ ఆధారమును పోయినది. ఇట్టి ఇంటిలో ఒక మనిషి జబ్బుపడిన, సంపాదించు చేతులు ఒక జత తగ్గుటయే కాక, సేవకై మరియొక జత చేతులు కావలసి వచ్చును. కష్టము రెండింతలగుట ఇందువలననే.

దాచుటవలన కలుగు నష్టము

ఉదాహరణకు ఒక ఇంటిని ఊహింతము. కుమార్తె హైదరాబాదులో డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. కుమారుడు మెట్‌పల్లిలో ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. గల్ఫు నుండి తిరిగివచ్చిన తండ్రికి పక్షవాతము వచ్చి ఒక ప్రక్క కాలు, చేయి పడిపోయినవి. తల్లి బీడీల పని చేయుచున్నది. మొదటి నెల కుమార్తె ఫోను చేసినప్పుడెల్ల తల్లి, “బాపుకు ఏమీ కాలేదు బిడ్డా, నీవు మంచిగ చదువుకో” అనుచున్నది. రెండవ నెలలో ఎవరో బంధువు ద్వారా సంగతి తెలిసి, కుమార్తె ఎవరికిని చెప్పక బస్సు ఎక్కి ఇంటికి వచ్చినది. కళాశాలలో ఆమె ఏమైనదో ఎవరికిని తెలియదు. నెలన్నర గడచినది. హాజరు తగ్గి పరీక్షకు అర్హత పోయినది. సిగ్గుచేత ఆమె మరల కళాశాలకు పోలేదు.

ఈ ఇంటిలో చదువును చెడగొట్టినది పక్షవాతము మాత్రమే కాదు. ఇంటివారు విద్యార్థినికి దాచినారు. విద్యార్థిని కళాశాలకు దాచినది. ఇద్దరును ప్రేమతోనో అభిమానముతోనో దాచినవారే. కాని మొదటి దినముననే మాట చెప్పుకొనియున్నచో చేయగల ఏర్పాట్లు ఎన్నో ఉండెను. రెండవ నెలలో వాటిలో సగము చేయి దాటిపోయినవి. కావున మొదటి నియమము ఇది: జబ్బు సంగతి విద్యార్థికి ఉన్నదున్నట్లు చెప్పవలెను, విద్యార్థి దానిని కళాశాలకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

హాజరు కూడ ఒక పొదుపే

డిగ్రీ చదువు ఇప్పుడు సెమిస్టరు పద్ధతిని నడచుచున్నది. ఒక సెమిస్టరునకు సుమారు 90 పనిదినములు. సాధారణముగా పరీక్షకు కూర్చుండుటకు నూటికి 75 వంతుల హాజరు కావలెను. అనగా 90 దినములలో 68 దినములు హాజరైన చాలును. 22 దినములు విద్యార్థి చేతిలో ఉన్నవి. తగిన కారణము చూపినచో 75కు తగ్గి 65 వరకు ఉన్న హాజరును, రుసుము తీసికొని మన్నించు నియమము పలు విశ్వవిద్యాలయములలో కలదు. ఇది హక్కు కాదు, మన్నింపు మాత్రమే. దీనిని ఆపదకు దాచుకొనవలెను గాని ముందుగానే లెక్కలో వేసికొనరాదు.

ఈ 22 దినములను ఇంటిలో దాచిన రొక్కమువలె చూడవలెను. పైన చెప్పిన ఇంటివారు మొదటనే కూర్చుండి ఆలోచించినచో లెక్క ఇట్లుండును. తండ్రి ఆసుపత్రిలో ఉన్న మొదటి వారమునకు 6 దినములు. నెలకొకసారి డాక్టరునకు చూపుటకు రెండేసి దినముల చొప్పున నాలుగు నెలలకు 8 దినములు. తల్లికే జ్వరము వచ్చినచో అక్కరకు 4 దినములు. మొత్తము 18 దినములు. ఇంకను 4 దినములు మిగులును. కుమార్తె తండ్రికి దూరము కాలేదు, చదువునకును దూరము కాలేదు. ఆదివారములు, పండుగ సెలవులు ఈ లెక్కకు వెలుపలనే ఉన్నవి. అయితే లెక్క లేక ఒక్కసారిగా 30 దినములు ఇంట కూర్చుండిన, ఎంత శ్రద్ధగల విద్యార్థికైనను సెమిస్టరు నిలచుట కష్టము.

హాజరునకు మరియొక సంబంధము కూడ కలదు. ఉపకారవేతనము, ఫీజు తిరిగి చెల్లింపు పొందుటకు సైతము 75 వంతుల హాజరు కావలెను. ఒకే తరగతిని రెండవసారి చదువు సంవత్సరమునకు సాధారణముగా ఉపకారవేతనము రాదు. కావున హాజరు పోగొట్టుకొనుటవలన కాలముతోపాటు ధనమును పోవును.

సేవ ఎవరి పని?

మన ఇండ్లలో రోగికి సేవ అనగా తల్లి, కుమార్తె, కోడలు చేయు పని అనియే తలంతురు. అందుచేతనే దూరమున చదువు కుమార్తెను మొదట పిలిపింతురు. ఊరిలోనే ఉన్న కుమారుని అడుగుట తోచదు. సేవ ప్రేమతో చేయునదే, కాని అది పని కూడ. పనియైనప్పుడు పంచుకొనుటకు వీలున్నది.

ఒక కాగితము తీసికొని, రోగికి ఉదయము నుండి రాత్రి వరకు ఏమేమి చేయవలెనో వ్రాయుడు. ముఖము కడుగుట, మరుగుదొడ్డికి తీసికొనిపోవుట, స్నానము, భోజనము, మందులు, వ్యాయామము, రాత్రి కాపు. ప్రతి పనికి ఎదురుగా ఎవరు చేయగలరో వ్రాయుడు. పదిహేడేండ్ల కుమారుడు తండ్రిని లేపి కూర్చుండబెట్టగలడు, స్నానము చేయింపగలడు. కోరుట్లలో ఉన్న మేనత్త వారమునకు ఒక దినము వచ్చిన, తల్లికి ఆ దినమైనను విశ్రాంతి దొరకును. ప్రక్కింటివారు మధ్యాహ్నము ఒక గంట చూచుకొన్నను మేలే. దూరమున ఉన్న కుమార్తెకు కూడ పని కలదు. మందుల పట్టిక, డాక్టరును చూడవలసిన తేదీలు, దరఖాస్తులు, ఫోను మీద విచారణ, ఇవన్నియు ఆమె హాస్టలునుండియే చేయగలదు. చదువుకొన్నవారే చక్కగా చేయగల పనులివి.

సేవ చేయువారికి కొన్ని మెలకువలు తెలిసియుండవలెను. తనంతట తాను కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. లేనిచో వీపున, పిరుదులపై పుండ్లు పడును. పరుండియున్నవానికి అన్నము పెట్టరాదు. పొలమారి ఊపిరితిత్తులలోనికి పోవును. కూర్చుండబెట్టి కొద్దికొద్దిగా పెట్టవలెను. పడిపోయిన కాలుసేతులకు వ్యాయామము ఎట్లు చేయింపవలెనో ఆసుపత్రి విడుచుటకు ముందే అడిగి నేర్చుకొనవలెను. రక్తపోటు, మధుమేహము మందులు ఒక్క దినమైనను మానరాదు. ఇవి నేర్చుటకు ఒక వారము చాలును. ఇంటిలో ఇద్దరు ముగ్గురు నేర్చినచో భారమంతయు ఒక్కరి మీద పడదు.

అందుబాటులో ఉన్న సహాయములు

వైద్యపు ఖర్చే మొదట భయపెట్టునది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున తెలంగాణలో ఒక కుటుంబమునకు సంవత్సరమునకు లభించు చికిత్స పరిమితి 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెరిగినది. జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ఆరంభమైనది. కావున ప్రతి జబ్బునకు హైదరాబాదు పోవలెననియు, అప్పు చేయవలెననియు ముందుగా తలంపరాదు. అయితే ఆరోగ్యశ్రీ చికిత్స కొరకు ఉద్దేశింపబడినది. ఇంట జరుగు సేవకు, పోయిన కూలికి అది ధనమియ్యదు. ఆ లోటును కుటుంబము తన లెక్కలో వేసికొనవలెను.

రోగికి అంగవైకల్యము నిలిచిపోయినచో వైకల్య ధ్రువపత్రము కొరకు దరఖాస్తు చేయవలెను. 2014లో ఆసరా పేరిట ఆరంభమైన పింఛనులలో వికలాంగులకు నెలకు 1,500 రూపాయలు ఉండగా, అది 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగినది. అర్హతగల వృద్ధులకు, వితంతువులకు, బీడీ కార్మికులకు 1,000 రూపాయలుగా మొదలై 2019లో 2,016 అయినది. బీడీ కార్మికుల పిల్లల చదువునకు కేంద్ర కార్మిక శాఖ వేరుగా ఆర్థిక సహాయము ఏర్పరచినది. తరగతిని బట్టి అది సంవత్సరమునకు 1,000 రూపాయల నుండి వృత్తి విద్యకు 25,000 వరకు ఉన్నది. తల్లికి కార్మికురాలిగా గుర్తింపు కార్డు ఉన్నను, ఈ సహాయము సంగతి తెలియక దరఖాస్తు చేయని ఇండ్లు ఉన్నవి. గుర్తింపు కార్డు పెట్టెలో ఉండుటకు గాదు, అక్కరకు వచ్చుటకు.

ప్రభుత్వ వసతిగృహములలో ఇంటర్మీడియట్ మొదలు పోస్టు గ్రాడ్యుయేటు వరకు చదువువారి భోజనపు ఖర్చు 2024లో నెలకు 1,500 నుండి 2,100 రూపాయలకు పెంచబడినది. ప్రైవేటు హాస్టలులో ఉన్న విద్యార్థి, ఇంటి స్థితి మారినప్పుడు, ప్రభుత్వ వసతిగృహమున చోటు కొరకు ప్రయత్నింపవలెను. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. నెలకు రెండు మారులు ఇంటికి వచ్చిపోవు విద్యార్థినికి ఇది చిన్న మేలు కాదు.

ఒక హెచ్చరిక అవసరము. ఉపకారవేతనము, ఫీజు సొమ్ము అనుకొన్న వేళకు చేతికి రాకపోవచ్చును. ఆ సొమ్ము వచ్చునను ధైర్యముతో అప్పునకు వాయిదా పెట్టుకొనరాదు. రాకపోయినను ఆరు నెలలు ఎట్లు నడచునో చూచుకొని, వచ్చినప్పుడు దానిని బాకీకి కట్టుట మంచిది.

ఆపుట వేరు, విడిచిపెట్టుట వేరు

ఎంత ఆలోచించినను, కొన్ని ఇండ్లలో బిడ్డ వచ్చి ఇంట ఉండక తప్పదు. తల్లియే మంచము పట్టి, వేరెవరును లేనప్పుడు, చదువు కొరకు తల్లిని విడిచిపెట్టుమని ఎవరును చెప్పజాలరు. అట్టి బిడ్డ చేయునది ఓటమి కాదు. అయితే చదువును ఆపుటకు ఒక పద్ధతి కలదు. చెప్పక మాయమగుట విడిచిపెట్టుట. చెప్పి, వ్రాసి, తిరిగి వచ్చు దారి తెలిసికొని వచ్చుట ఆపుట.

మొదట ప్రిన్సిపాలు గారికి లేఖ వ్రాయవలెను. ఇంటి స్థితి, ఆసుపత్రి కాగితముల నకళ్లు, ఎంత కాలము రాలేకపోవుదురో అందులో ఉండవలెను. లేఖ అందినట్లు సంతకము, తేదీ తీసికొని ఒక ప్రతి దగ్గర ఉంచుకొనవలెను. వసతిగృహపు వార్డెనుకును ఇట్లే తెలుపవలెను. నిలిపిన సెమిస్టరులో మరల చేరుటకు ఏ నెలలో రావలెనో, ఎంత రుసుమో, మొత్తము చదువు ఎన్ని సంవత్సరములలో ముగింపవలెనో అడిగి వ్రాసికొనవలెను. వ్రాసి ఉత్తీర్ణులైన పేపర్ల మార్కులు నిలిచియుండును. తప్పిన పేపర్లు మరల వ్రాయవచ్చును.

రెండవది, దగ్గరి కళాశాలకు మారుట. డిగ్రీ చదువువారు కొన్ని షరతులపై, ఖాళీ ఉన్నచో, ఉభయ కళాశాలల అంగీకారముతో మారవచ్చును. మెట్‌పల్లిలో గాని, దాదాపు 35 కిలోమీటర్ల దూరమున జగిత్యాలలోని ఎస్.కె.ఎన్.ఆర్. ప్రభుత్వ కళాశాలలో గాని చదువుచు సాయంత్రమునకు ఇల్లు చేరవచ్చును. దగ్గరి కళాశాలకు వచ్చుట చిన్నతనమని తలంపరాదు. పూర్తికాని పట్టణపు డిగ్రీ కంటె పూర్తియైన మన ఊరి డిగ్రీ మేలు.

మూడవది, సార్వత్రిక విశ్వవిద్యాలయము. రోజూ తరగతికి రాలేనివారి కొరకే 1982లో హైదరాబాదు కేంద్రముగా, దేశమున మొదటిదిగా, ఇది ఏర్పడినది, డాక్టరు బి.ఆర్. అంబేద్కరు గారి పేరు వహించుచున్నది. పాఠ్యపుస్తకములు ఇంట చదివి, అధ్యయన కేంద్రములందు తరగతులకు హాజరై, పరీక్షలు వ్రాయవచ్చును. గుర్తింపు పొందిన సార్వత్రిక డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో స్పష్టము చేసినది. అయితే ఇంజనీరింగు, నర్సింగు వంటి ప్రయోగశాల చదువులకు ఈ మార్గము పనికిరాదు. వారికి సెలవు తీసికొని తిరిగి చేరుటయే దారి.

ఏ మార్గమునకైనను అసలు ధ్రువపత్రములు చేతిలో ఉండవలెను. కళాశాలలు విద్యార్థుల అసలు ధ్రువపత్రములను తమ వద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ఉత్తర్వు ఇచ్చినది. పత్రములను అడిగి తీసికొనుటకు జంకవలదు.

సేవచేయువారికిని సేవ కావలెను

పగలు చదువు, రాత్రి కాపు, మనస్సంతా అప్పుల మీద ఉన్న విద్యార్థికి నిద్ర రాదు, చదివినది నిలువదు, చిన్న మాటకే కన్నీరు వచ్చును. ఇంటిలో ఉన్నప్పుడు చదువు చెడుచున్నదనియు, కళాశాలలో ఉన్నప్పుడు ఇంటివారిని విడిచితిననియు బాధ కలుగును. ఇది బలహీనత కాదు. భారము ఎక్కువైనదనుటకు గుర్తు. ఇట్టి వేళ మనస్సు విప్పి మాటలాడుటకు 2022లో ఆరంభమైన టెలిమానస్ సేవ కలదు. 14416 నంబరునకు ఫోను చేసిన తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును. ఇంటిలోని పెద్దలు కూడ ఫోను చేసినప్పుడు జబ్బు సంగతి, అప్పు సంగతి మాత్రమే చెప్పక, “తిన్నవా బిడ్డా, నిద్ర పోతున్నవా?” అని అడుగవలెను.

గ్రామము చేయగల పని

ఊరిలో చావునకు నలుగురు వత్తురు. పెండ్లికి పదిమంది చేయి వేయుదురు. నెలల తరబడి సాగు రోగిసేవకు మాత్రము మొదటి వారము తరువాత ఎవరును రారు. మహిళా సంఘము, యువజన సంఘము ఈ లోటును తీర్పగలవు. రోగి ఉన్న ఇంటికి వారమునకొక పూట వంతు వేసికొనుట, ఆసుపత్రికి తోడు పోవుట, దరఖాస్తు నింపుట, ఇవి ధనము అక్కరలేని సహాయములు. ఆశా కార్యకర్తకు సంగతి తెలిపినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నుండి మందుల విషయమున తోడు దొరకును. ఇదివరకు ఇట్టి కష్టము దాటి చదువు ముగించినవారు ఊరిలో ఉన్నచో, వారు ఆ ఇంటికి పోయి తమ అనుభవము చెప్పవలెను. అది ఏ కాగితమును చేయలేని ఉపకారము.

తల్లిదండ్రులకు ఒక మనవి. కష్టము వచ్చిన రాత్రి చదువును గూర్చి నిర్ణయము చేయకుడు. రోగిని ఆసుపత్రిలో చేర్చి, బిడ్డకు సంగతి ఉన్నదున్నట్లు చెప్పి, ఒక వారము ఆగుడు. ఆ వారములో పనుల పట్టిక, హాజరు లెక్క, ఖర్చు లెక్క వ్రాయుడు. అటు పిమ్మట అందరును కూర్చుండి మాటలాడుడు. ఆ మాటలలో చదువుచున్న బిడ్డకును చోటు ఉండవలెను. అప్పటికిని చదువు ఆపవలసివచ్చినచో, తిరిగి చేరవలసిన తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుడు. ఆ గుర్తు ఇంటిలోని అందరి కంటికి కనబడుచుండవలెను.